చెవికి అందే స్పానిష్, చెవిని తప్పించుకునే ఫ్రెంచ్

స్పానిష్, ఫ్రెంచ్ రెండూ లాటిన్ బిడ్డలే. కోరిక, సందేహం, ఇంకా జరగని పని చెప్పడానికి పనికొచ్చే సబ్‌జంక్టివ్ రూపం రెండింటికీ పుట్టింటి నుంచి వచ్చిందే. దాన్ని స్పానిష్ వాడుకుంటోంది, ఫ్రెంచ్ దాచుకుంటోంది.

స్పానిష్‌లో క్రమ క్రియలకు వర్తమాన సబ్‌జంక్టివ్ కట్టాలంటే ఒక్క అచ్చు మారిస్తే చాలు. 'అబ్లార్' అంటే మాట్లాడటం. 'ఆబ్లో' అంటే మాట్లాడతాను. చివరి 'ఓ' తీసి 'ఏ' పెట్టండి: ఆబ్లే, ఆబ్లేస్, ఆబ్లే, అబ్లేమోస్, అబ్లేయిస్, ఆబ్లెన్. తినడానికి 'కొమెర్', బతకడానికి 'బిబిర్'. ఇలాంటివి 'ఆ' వైపు తిరుగుతాయి: కోమా, బీబా. వెతకడం అనే 'బుస్కార్' 'బూస్కే' అయ్యేటప్పుడు సి పోయి క్యూయు వస్తుంది. మారింది రాతే, పలుకు కాదు, భయపడనక్కర్లేదు.

ఫ్రెంచ్‌లో మాట్లాడటం 'పార్లే'. నేను, నువ్వు, అతడు, వాళ్లు ఎవరికైనా మామూలు వర్తమానంలో వినిపించేది 'పార్ల్'. సబ్‌జంక్టివ్‌లోనూ అదే 'పార్ల్'. మేము, మీరు దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది, అదీ భూతకాలంలోని ఒక రూపాన్ని పోలి ఉంటుంది. పరీక్ష రాసేవాడికి ఇది సుఖమే. చెవికి తేడా తెలియని రూపం మీద పట్టు ఎలా వస్తుందన్నదే నా అనుమానం.

వాడుకకు వస్తే దూరం ఇంకా పెరుగుతుంది. 'నువ్వు వస్తావని ఆశిస్తున్నా' అనేటప్పుడు స్పానిష్‌లో సబ్‌జంక్టివ్ తప్పదు, ఫ్రెంచ్‌లో మామూలు రూపమే చాలు. 'అతను వచ్చాక చెబుతా' అన్నా అంతే, ఫ్రెంచ్‌వాళ్లు భవిష్యత్కాలంతో సరిపెడతారు. అసలు సొగసు 'అయినా' అనే అర్థమిచ్చే 'ఔంకే' దగ్గర. 'ఔంకే బీబె లేహోస్' అంటే అతను దూరంలో ఉంటున్నాడు, ఆ సంగతి చెబుతున్నాను. 'ఔంకే బీబా లేహోస్' అంటే దూరంలో ఉన్నా సరే. ఒక్క అచ్చుతో మాట్లాడేవాడి ఉద్దేశం తెలిసిపోతుంది. ఫ్రెంచ్‌లో అదే అర్థమున్న 'బియాఁ క' తర్వాత సబ్‌జంక్టివే వాడాలని నియమం, ఎంచుకునే వీలు లేదు.

నినాదాల్లోనూ ఇదే సబ్‌జంక్టివ్, చూడండి. స్పెయిన్ పెళ్లిళ్లలో 'బీబాన్ లోస్ నోబియోస్' (వధూవరులు వర్ధిల్లాలి) అని కేక వేస్తారు, వధూవరులు ఇద్దరు కనుక బహువచనం. ఫ్రెంచ్‌లో సెలవులకు జై కొట్టేటప్పుడు, సెలవులు ఎన్నున్నా, ఏకవచనపు 'వీవ్' రాసినా చెల్లుతుంది. అక్కడ అది క్రియ పోలికలు పోగొట్టుకుని ఒట్టి అరుపైంది.

స్పానిష్‌లో లోటు లేకపోలేదు. 'ఆబ్లే' అంటే నేనా, అతనా, 'మాట్లాడండి' అనే ఆజ్ఞా? సందర్భం చూసి పోల్చుకోవాలి. అయినా సబ్‌జంక్టివ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు స్పానిష్‌తోనే మొదలుపెట్టండి. ఏయే మాటల తర్వాత అది రావాలో చెప్పే జాబితాలు పక్కన పెట్టి, ముందు 'ఔంకే' వాక్యాలు పది రాయండి.