గుమ్మిలో దాచిన వారసత్వం

ఝరాసంగం అనగానే కేతకీ సంగమేశ్వరుడి గుడి గుర్తొస్తుంది. శివరాత్రికి సరిహద్దు దాటి కర్ణాటక నుంచీ జనం వస్తారు. అదే మండలంలోని మాచునూర్‌లో ఇంకో రకం వారసత్వం ఉంది. దానికి గోపురం లేదు. పేడ, మట్టి మెత్తిన వెదురు గుమ్మిలో ఉంటుంది.

విత్తనం దాచడం ఇక్కడ ఆడవాళ్ల విద్య. కోతకు ముందే చేలో తిరిగి, పురుగు తాకని, బరువుకు వంగిన కంకుల్ని వేరుగా ఏరతారు. గింజల్ని బాగా ఎండబెట్టి, బూడిద, ఎండిన వేపాకు కలిపి గుమ్మిలో పోస్తారు. మూతిని మట్టితో మెత్తేస్తారు. మళ్లీ దాన్ని తెరిచేది మిరుగం, అంటే మృగశిర కార్తె వచ్చాకే. పొలానికి వెళ్లేది కూడా ఒక్క విత్తనం కాదు. జొన్న, కొర్ర, సామ, కంది, అనుము కలిసే వెళ్తాయి. వాన మొహం చాటేస్తే ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది. బీమా కంపెనీలు ఊరికి రాకముందు బీమా ఇదే.

మధ్యలో ఈ విద్య మరుగున పడింది, అదీ ఒక్క రోజులో కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి ఆకలి తీరింది కానీ, జొన్నరొట్టె, గటక లేనివాళ్ల తిండి అనిపించుకున్నాయి. పత్తి, చెరకు పెరిగాయి. విత్తనం బజారులో కొనడం అలవాటైంది. గుమ్మి ఖాళీ అయ్యాక, ఈసారి ఏం వేద్దామని ఇంటి ఇల్లాలిని అడిగేవాళ్లూ తగ్గారు. ఇసుర్రాయి మూల పడి గిర్ని వచ్చింది. విసిరేటప్పుడు పాడే పాటకు పని లేకుండా పోయింది. పంట, తిండి, పాట ఒకే తాడుకు ముడిపడి ఉంటాయి. ఒకటి తెగితే మిగతావీ జారతాయి.

ఆ తాడును మళ్లీ పేనినవాళ్లు ఎక్కువగా దళిత మహిళలే. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండగా ఊరూరా సంఘాలు కట్టి, విత్తన నిధులు పెట్టుకున్నారు. అందులో వడ్డీ కూడా గింజల్లోనే: విత్తనం తీసుకున్నవాళ్లు పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి పోయాలి. ఆ మిగులు ఇంకో ఇంటికి విత్తనమవుతుంది. రెండు దశాబ్దాలకు పైగా సంక్రాంతికి పాత పంటల జాతర జరుపుతున్నారు. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలే ఊరేగుతాయి. 2008 అక్టోబర్ 15న మాచునూర్‌లో సంఘం రేడియో గొంతు విప్పింది. ఊరి యాసలోనే పాటలు, ముచ్చట్లు, వ్యవసాయం. 2019లో ఈ మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది. ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకున్న 2023లోనే, ఈ పనికి జీవితం ధారపోసిన పి.వి. సతీష్ కన్నుమూశారు.

రేడియో మొదలైన 2008లోనే నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో ప్రపంచ విత్తన భాండాగారం తెరిచారు. అక్కడ మైనస్ 18 డిగ్రీల చలిలో విత్తనం నిద్రపోతుంది. విపత్తు రోజున ప్రపంచానికి అదీ అవసరమే. కానీ ఆ గింజకు మారుతున్న మన వానలు తెలియవు. దాన్ని ఏ గింజతో కలిపి చల్లాలో, ఎలా వండాలో ఆ భాండాగారం చెప్పదు. మాచునూర్ గుమ్మికి చలి యంత్రం లేదు. ఏటా ఖాళీ చేసి మళ్లీ నింపితేనే అందులోని విత్తనం బతుకుతుంది.

మన వారసత్వం అంతా ఇంతే. అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోతే అది మిగలదు. కొర్రలు ఆరోగ్యమని పట్నంలో ప్యాకెట్ కొంటున్న మనం, ఆ గింజ ఏ ఊరి చేలో పండిందో, దాని విత్తనం ఎవరి ఇంట్లో ఉందో కూడా అడగాలి. ఊళ్లో అమ్మమ్మ ఉంటే ఈ మిరుగం లోపే వెళ్లి పక్కన కూర్చోండి. విత్తనం ఎలా ఏరాలో చూపించమనండి. తర్వాత గుప్పెడు గింజలు తెచ్చి, పెరట్లోనో కుండీలోనో చల్లండి.