దిగి నిలుచు విద్య

2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ నగరమున జరిగిన జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్పు పోటీలలో హైదరాబాదు యువతి బుద్దా అరుణారెడ్డి వాల్ట్ విభాగమున 13.649 పాయింట్లతో కాంస్య పతకము గెలిచి, ప్రపంచ కప్పులో వ్యక్తిగత పతకము పొందిన తొలి భారతీయ జిమ్నాస్టుగా కీర్తి గడించెను. రజతము పొందిన ఆస్ట్రేలియా క్రీడాకారిణికి వచ్చినవి 13.699, అనగా ఇరువురి నడుమ అంతరము ఒక పాయింటులో ఇరువదవ వంతు. ఈ పోటీయందు రెండు లంఘనముల సగటును లెక్కింతురు. నేలపై దిగినప్పుడు పాదము చిన్న అడుగంత కదలినచో పాయింటులో పదవ వంతు తగ్గింతురు. కావున ఒక లంఘనములోని ఒక చిన్న అడుగు సగటున సరిగా ఆ ఇరువదవ వంతుకే వచ్చును. పతకము రంగును మార్చగల ఆ ఒక్క అడుగును అదుపులో నుంచుకొనుటకై ఏండ్ల తరబడి సాగు దినచర్యయే ఈ విద్యకు ప్రాణమని నా తలంపు.

చూచువారికి వాల్ట్ కొన్ని క్షణముల పని. 25 మీటర్లకు మించని పరుగుబాట, దాని చివర స్ప్రింగ్‌బోర్డు, దాని కావల బాలికలకు 125 సెంటీమీటర్ల ఎత్తున మెత్తని పైకప్పు గల బల్ల. అడుగడుగునకు వేగము పెంచుకొనుచు పరుగెత్తి, చివరి అడుగున తక్కువ ఎత్తున ఎగిరి, రెండు పాదములు ఒక్కసారిగా బోర్డుపై మోపి, ఆ ఊపుతో బల్లపై అరచేతులు తాకించి, మోచేతులు వంచక భుజబలముతోనే తటాలున నెట్టి, గాలిలో మొగ్గలు వేసి, మోకాళ్లను కొంచెము వంచి దిగి నిలువవలెను. ప్రేక్షకుల కన్నులు గాలిలోని మొగ్గలపై నుండును. శిక్షకుని కన్నులు మాత్రము పరుగుపైనను, అరచేతులు బల్లను తాకిన తీరుపైనను ఉండును. ఏలయన, చేతులు బల్లపై ఆలస్యము చేసినచో గాలిలో దక్కవలసిన ఎత్తు దక్కదు. ఎత్తు దక్కనిచో దిగుట చెడును.

ఈ విద్య ఆరేడేండ్ల ప్రాయమున మొదలగును. మొదటి పాఠము ఎగురుట కాదు, పడుట: గడ్డము రొమ్మునకు చేర్చి, వీపు గుండ్రముగా మడిచి దొర్లుట, పడునప్పుడు చేయి నిటారుగా చాపి నేల మోపకుండుట. ఇది ఒంటబట్టువరకు మంచి శిక్షకుడు మరియొకటి చెప్పడు. తెల్లవారుజామున లేచి బడివేళ వరకు మణికట్టులు, చీలమండలు, నడుము సడలించుకొనుట, కాళ్లను ఇరువైపుల చాచి నేలకు ఆనించుట, గోడకు అభిముఖముగా చేతులపై నిలుచుట. బడినుండి వచ్చినపిదప మరల పరికరములపై సాధన. చేతులపై నిలుచుట యను పని చిన్నదిగా కన్పట్టును గాని, మెడ, భుజములు, నడుము, మడమలు ఒక్క గీతగా నిలుపుట వచ్చినవారికే తక్కిన పరికరములు లొంగును.

కడ్డీలపై ఊగు బాలిక అరచేయి నొకసారి దగ్గరగా చూడుడు. మెగ్నీషియం కార్బనేటు పొడి అద్దుకొన్నను, రాపిడికి వ్రేళ్ల మొదళ్ల చర్మము గట్టిపడి, మడతపడి, ఒక సాయంకాలము చిట్లును. ఆమె చేయి కడుగుకొని, చిట్లిన తోలును కత్తిరించి, మందు రాచుకొని, మరునాడు కడ్డీల జోలికి పోక కాళ్ల సాధన చేయును. సాధన మానదు; మార్చుకొనును. పదేండ్ల పిల్లకు ఈ వివేకము కలుగుట నాకు పతకముకన్న గొప్పగా తోచును.

బీమ్ అను దూలము సంగతియు నిట్టిదే. 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, నేలనుండి 125 సెంటీమీటర్ల ఎత్తు. మొదట నేలపై గీసిన గీతపై నడిపింతురు. పిదప నేలకంటిన దూలముపై, ఆ పిమ్మట ఇరుప్రక్కల పరుపులు పేర్చిన ఎత్తైన దూలముపై, కడపట పరుపులు తీసివేసి. చేయు పని ఒక్కటే, మారునది మనస్సులోని భయము. దూలమునుండి పడినచో ఒక పూర్తి పాయింటు పోవును. పడిన బాలిక వెంటనే మరల ఎక్కి తక్కిన విన్యాసము ముగింపవలెను.

మన ప్రాంతమున ఈ విద్యకు పూర్వరంగము లేకపోలేదు. తాలీంఖానాలలో కుస్తీతోపాటు దండెములు తీసినవారును, ఊరూర గడ నాటి మోకుపై నడచినవారును దేహము నదుపుచేయు మెలకువలు తరతరములుగా కాపాడినవారే. వారిని వినోదము చూపువారిగానే యెంచి, విద్యావంతులుగా గౌరవింపకపోవుట మన లోపము.

అరుణారెడ్డి మొదట కరాటే నేర్చి, పిదప హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియమున జిమ్నాస్టిక్స్ సాధన చేసినది. ప్రోత్సహించిన తండ్రిని 2010లో కోల్పోయియు సాధన విడువలేదు. మెల్‌బోర్న్ విజయమునకు పిమ్మట మోకాలికి తీవ్రమైన గాయమై శస్త్రచికిత్స జరిగినను, 2021లో కైరో నగరమున ఫారోస్ కప్పు పోటీలలో రెండు స్వర్ణములు గెలిచినది. అగర్తలా బిడ్డ దీపా కర్మాకర్ 2016 రియో ఒలింపిక్స్‌లో 15.066 పాయింట్లతో నాలుగవ స్థానమున నిలుచుటయు మన దేశమున నెందరో తలిదండ్రుల మనసులు మార్చినది.

పెద్దపల్లి జిల్లావారికి, విశేషించి రామగుండం, గోదావరిఖని బొగ్గుగని కుటుంబములకు, ఈ విద్య కోరు క్రమశిక్షణ క్రొత్తది కాదు. గనిలో దిగిన కార్మికుడు పని మొదలిడుటకు ముందు కర్రతో పైకప్పును తట్టి, దాని ధ్వని విని, గట్టిదని తేలినపిదపనే అడుగు వేయునట్లు, వాల్ట్ చేయు బాలికయు పరుగెత్తుటకు ముందు బోర్డు దూరమును, పరుపుల అతుకులను స్వయముగా సరిచూచుకొనును. షిఫ్టులు మారినను ఇంటిని క్రమము తప్పక నడుపు తల్లులకు వేళకు నిద్ర, వేళకు తిండి యను నియమములు వేరుగ చెప్పనక్కరలేదు. హకీంపేటలోని రాష్ట్ర క్రీడాపాఠశాల నాలుగవ తరగతినుండియే పిల్లలను పరీక్షించి చేర్చుకొనును. అందు జిమ్నాస్టిక్స్ కూడ నేర్పుదురు. కావున గోడలెక్కి దూకు ఆడుపిల్లను కసరి కూర్చుండబెట్టకుడు, ఆ పరీక్షలకు పంపుడు. సింగరేణి బొగ్గుగనుల పెద్దలును, పాఠశాలల నడుపువారును పిల్లలు నిర్భయముగా పడి లేచుటకు చాలినన్ని పరుపులును, పడుట నేర్పు ఒక మంచి శిక్షకునిని కూడ ముందుగా సమకూర్పవలెను.