ఊపు వేగం పెరిగితే రంగు మారే స్వరం

1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు కంప్యూటర్‌తో ఒక స్వరాన్ని ఊపి చూస్తున్నాడు. స్వరం సెకనుకు ఐదారుసార్లు పైకీ కిందికీ కదిలితే చెవికి అది ఊపుగానే తెలుస్తుంది. చౌనింగ్ ఆ వేగాన్ని పదులకు, ఆపైన వందలకు పెంచుతూ పోయాడు. ఒక హద్దు దాటాక ఊపు వినిపించడం మానేసి, స్వరం రంగే మారిపోయింది. రెండే రెండు సాదా తరంగాల్లోంచి గంటలు, బాకాలు, క్లారినెట్లు పలకసాగాయి.

అది ఎంత పెద్ద మలుపో తెలియాలంటే అంతకుముందున్న దారిని చూడాలి. తీగ మీటినా, పిల్లనగ్రోవి ఊదినా మూలస్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల వేగంలో అనుస్వరాలు కూడా పలుకుతాయి. ఒక్కోదానికి ఒక్కో సాదా తరంగం పుట్టించి అన్నిటినీ కూడితే వాద్యనాదం వస్తుంది. సూత్రం సరైనదే, చిక్కంతా కాలంతోనే. 1960లలో బెల్ ల్యాబ్స్‌లో జాన్ క్లోడ్ రిస్సే ట్రంపెట్ నాదాన్ని విశ్లేషించి, స్వరం బిగ్గరయ్యేకొద్దీ పై అనుస్వరాలు మరింత బలపడతాయని తేల్చాడు. అంటే ప్రతి అనుస్వరం ఎప్పుడు లేవాలో, ఎప్పుడు అణగాలో విడివిడిగా రాసుకోవాలి. ఆనాటి యంత్రాలకు అది మోయలేని లెక్క.

చౌనింగ్ ఆ బరువు దించాడు. పలికే తరంగం ఒకటి, దాన్ని ఊపే తరంగం ఒకటి. పలికేది 200 హెర్ట్జ్, ఊపేది 280 అనుకుందాం. కూడికల వల్ల 480, 760, 1040 దగ్గర, తీసివేత వల్ల 80 దగ్గర కొత్త ధ్వనులు మొలుస్తాయి. ఇవేవీ 200కు పూర్ణగుణిజాలు కావు కనుక చెవికి గంట మోగుతుంది. రెండు వేగాలనూ సమానం చేస్తే అనుస్వరాలన్నీ వరుసగా వచ్చి బాకా ఛాయ కడుతుంది. ఊపేదాన్ని పలికేదానికి రెట్టింపు చేస్తే బేసి అనుస్వరాలే మిగిలి క్లారినెట్ తోస్తుంది. ఇక ఊపు లోతు పెంచితే నాదం పదునెక్కుతుంది, తగ్గిస్తే మెత్తబడుతుంది. స్వరం బిగ్గరయ్యేటప్పుడే ఊపు లోతూ పెరిగేలా చూస్తే చాలు, రిస్సే ట్రంపెట్‌లో కనిపెట్టిన గుణం దానంతటదే వస్తుంది. ఇంత తక్కువ లెక్కతో ఇంత చలనాన్ని ఇవ్వడమే ఈ పద్ధతి గొప్పతనం.

అమెరికా ఆర్గన్ కంపెనీలు దీన్ని అందుకోలేదు. జపాన్‌లోని యమహా లైసెన్సు తీసుకుంది. 1983లో వచ్చిన యమహా కీబోర్డు డీఎక్స్7లో ఇలాంటి తరంగ జనకాలు ఆరు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే అమరికలు 32. ఒకేసారి 16 స్వరాలు పలికేది. లక్షకు పైగా అమ్ముడైంది. 1980ల పాటల్లో గాజు మోగినట్టు వినిపించే ఎలక్ట్రిక్ పియానో చాలాచోట్ల దీనిదే. అయితే ఏ అంకె మారిస్తే ఏ ధ్వని వస్తుందో ముందే ఊహించడం కష్టం. అందుకే వాయించేవారిలో ఎక్కువమంది కంపెనీ నింపి ఇచ్చిన ధ్వనులతోనే సరిపెట్టుకున్నారు.

నిజమైన వాద్యాన్ని రికార్డు చేసి మీట మీద పెట్టడం మరో దారి. 1979లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఫెయిర్‌లైట్ అనే వాద్యయంత్రం ఆ పనే చేసింది. కానీ సీడీ నాణ్యత కావాలంటే సెకనుకు 44,100 అంకెలు దాచాలి, అప్పట్లో మెమరీ చాలా ఖరీదు. 1987 నాటి రోలాండ్ డీ50 తెలివిగా స్వరం మొదలయ్యే క్షణాన్ని మాత్రమే రికార్డు నుంచి తీసుకుని, మిగతాది లెక్కతో పుట్టించింది. వాద్యాన్ని చెవి గుర్తుపట్టేది చాలావరకు ఆ తొలి క్షణంలోనే.

మన తీగ వాద్యాల దగ్గరికి వస్తే ఈ రెండు దారులూ తడబడతాయి. తీగను ఎక్కడ మీటితే అక్కడ నిశ్చలబిందువు ఉండే అనుస్వరాలు పలకకూడదని సూత్రం. తంబురా, వీణ దాన్ని ధిక్కరిస్తాయని 1921లోనే సి.వి. రామన్ రాశారు. వెడల్పుగా, కాస్త వంపుగా ఉండే బ్రిడ్జిని తీగ అంటీ అంటకుండా తాకుతుండటమే ఈ ధిక్కారానికి కారణం.

అలాంటి తీగకు దగ్గరగా వెళ్లే పద్ధతిని 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ ప్రచురించారు. ఒక చిన్న వరుసను అడ్డదిడ్డమైన అంకెలతో నింపి, అదే పనిగా తిప్పుతూ, ప్రతి చుట్టులో పక్కపక్క అంకెల సగటు తీస్తారు. మొదటి గరగర మీటు అవుతుంది, సగటు వల్ల పై అనుస్వరాలు ముందుగా కరుగుతాయి. సెకనుకు 44,100 అంకెల లెక్కన 441 అంకెల వరుస సుమారు 100 హెర్ట్జ్ తీగ అవుతుంది. హెచ్చుస్థాయికి వెళితే ఇబ్బంది: 50 అంకెలకు 882, 49కి 900. ఈ ఎడం మన సంగీతంలో చిన్న ఎడంగా లెక్కించే ప్రమాణ శ్రుతి కంటే ఎక్కువ, గమకం అందులో మెట్లుగా విరిగిపోతుంది. మధ్య విలువలను లెక్కగట్టే వడపోతను డేవిడ్ జఫ్, జూలియస్ స్మిత్ అదే ఏడాది జోడించారు.

వీణకు ఇది చాలా అవసరం. రికార్డు చేసిన వీణ స్వరాన్ని మీట పక్క చక్రంతో పైకి లాగితే తీగతో పాటు పనసకర్ర కుండ ప్రతిధ్వని కూడా పైకి జరుగుతుంది, వాద్యమే చిన్నదైనట్టు వినిపిస్తుంది. లెక్కలో కట్టిన తీగకైతే వరుస పొడవు ఒక్కటే మారుతుంది, కుండ ఉన్నచోటే ఉంటుంది.