నాణెం మాట, పుస్తకం మాట

2021 జూలైలో డాలస్‌లోని హెరిటేజ్ ఆక్షన్స్ సంస్థ రెండు రోజుల తేడాతో రెండు పాత వీడియో గేములను వేలం వేసింది. ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ 8 లక్షల 70 వేల డాలర్లు పలికితే, ‘సూపర్ మారియో 64’ 15 లక్షల 60 వేలు పలికింది. జెల్డాకు 9.0 ఏ, మారియోకు 9.8 ఏ ప్లస్ ప్లస్ అని గ్రేడు ఉంది. అంకె అట్టపెట్టెది, అక్షరం దాని మీది ప్లాస్టిక్ పొరది. ఆట గురించి ఆ గ్రేడులో ఒక్క మాటా లేదు.

టోక్యోలోని అకిహబారా దుకాణాల్లో పాత ఆటలకు అంటించే చీటీలు వేరే రకంగా మాట్లాడతాయి. ‘హకోసెట్సు’ అంటే పెట్టె, ఆట ఎలా ఆడాలో చెప్పే పుస్తకం రెండూ ఉన్నాయని. ‘సోఫుతో నోమి’ అంటే ఒట్టి క్యాసెట్టే. ‘హియాకే’ అంటే ఎండకు కమిలింది, రంగు మారింది. ‘దోసా మికకునిన్’ అంటే పనిచేస్తుందో లేదో చూడలేదు.

ఈ రెండు పరిభాషలూ నింటెండో అనే ఒకే కంపెనీ ఆటల చుట్టూ పుట్టాయి. దాని ఆటల యంత్రం ఫామికామ్ 1983లో జపాన్‌లో వచ్చింది. అదే యంత్రం వేషం మార్చుకుని 1985లో నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ పేరుతో అమెరికాలో దిగింది. వస్తువు ఒకటే అయినా మాటలు ఇంత దూరం జరగడానికి కారణం వాటి పుట్టిల్లేనని నా నమ్మకం.

అమెరికా వేలంపాటల భాష నాణేల అంగడి నుంచి వచ్చింది. హెరిటేజ్ మొదలైందే నాణేల వ్యాపారంతో. గ్రేడు వేసి వస్తువును పారదర్శకమైన డబ్బాలో బిగించడాన్ని ‘స్లాబ్’ చేయడం అంటారు. 1980లలో నాణేల వాళ్లు స్థిరపరిచిన ఆ పద్ధతి కామిక్ పుస్తకాలకు పాకి, అక్కడి పది అంకెల కొలతను వెంటబెట్టుకుని ఆటల దాకా వచ్చింది. ఆటలకు గ్రేడు వేసే వాటా గేమ్స్‌ను 2021లో కొన్నది కూడా నాణేలకు గ్రేడు వేసే పీసీజీఎస్ మాతృసంస్థే. జపాన్ మాటల్లో చాలావాటికి పాత పుస్తకాల దుకాణం వాసన ఉంది. కాగితం రంగు మారడాన్ని పుస్తకాల వాళ్లు ‘యాకే’ అంటారు, ఆటల వాళ్లు ‘హియాకే’ అంటారు. పుస్తకం అట్టకు చుట్టే కాగితపు పట్టీని ‘ఓబి’ అంటారు. సెగా శాటర్న్ డిస్కుల పెట్టెకు చుట్టే పట్టీకీ అదే పేరు. ఈ వ్యాపారంలో పెద్ద పేరున్న మందరాకే కూడా 1980లో నకానోలో పాత మాంగా పుస్తకాల కొట్టుగానే మొదలైంది.

నాణేన్ని తెరవక్కర్లేదు. దాని విలువంతా పైనే ఉంటుంది. పుస్తకాన్ని తెరవాలి. ఆటను కూడా తెరవాలి, యంత్రంలో పెట్టాలి, ఆడాలి. అందుకే నా మొగ్గు పుస్తకాల భాష వైపు.

అమెరికా సేకర్తలు నిత్యం వాడే ‘సీఐబీ’ని (కంప్లీట్ ఇన్ బాక్స్) చూడండి. పెట్టెలో అన్నీ ఉన్నాయన్న హామీ అది. అన్నీ అంటే ఏవి? తొలినాటి నింటెండో నల్లపెట్టె ఆటల్లో క్యాసెట్, పుస్తకం మాత్రమే కాదు, క్యాసెట్‌కు తొడిగే నల్ల ప్లాస్టిక్ తొడుగు ఉండేది, పెట్టె అడుగున థర్మోకోల్ దిమ్మ ఉండేది. కొన్ని ఆటల్లో పోస్టరో, మ్యాపో ఉండేవి. దిమ్మ లేకపోయినా సీఐబీయేనని అమ్మేవాడు అంటాడు, కాదని కొనేవాడు అంటాడు. సంపూర్ణం అనే మాటకు సరిహద్దు ఎవరూ గీయలేదు కాబట్టి ఆ తగువు తెగదు. ‘హకోసెట్సు’ అంత పెద్ద మాట ఎత్తదు. పెట్టె ఉంది, పుస్తకం ఉంది, అంతే. ఓబి ఉంటే ఓబి ఉందని, ప్రచురణకర్తకు తిప్పి పంపాల్సిన పోస్టుకార్డు మిగిలి ఉంటే అదీ ఉందని విడిగా రాస్తారు. ఉన్నవాటిని లెక్కపెట్టే మాటకు, మొత్తం ఉందని పూచీపడే మాటకు నిజాయితీలో చాలా తేడా ఉంది.

ఇక సీలు సంగతి. తెరిచిన ఆటలకూ గ్రేడు వేస్తారు గానీ, లక్షల డాలర్లు పలికేవి విప్పనివే. ‘సూపర్ మారియో 64’ కోటికి పైగా అమ్ముడైన ఆట. దొరకని ఆట కాదది. దాని మీది పొర అంత నున్నగా మిగలడం ఒక్కటే అరుదు. ఆ పక్కనే జెల్డాను పెట్టండి. 1987లో అమెరికాకు వచ్చిన ఆ ఆట పెట్టెకు ముందువైపు చిన్న కిటికీ కోశారు, లోపలి బంగారు రంగు క్యాసెట్ కనబడాలని. ఆడినవాడు ఆగిన చోటు గుర్తుంచుకోవడానికి క్యాసెట్ లోపల బిళ్ల బ్యాటరీ పెట్టారు. ఆపి, మళ్లీ వచ్చి కొనసాగించమని తయారుచేసిన ఆట అది. వాడినా వాడకపోయినా ఆ బ్యాటరీ ఏటేటా కొంత తరిగిపోతుంది. 9.0 ఏ అనే గ్రేడుకు ఆ తరుగుదల కనబడదు, కనిపెట్టాలంటే సీలు చించాలి. ‘దోసా మికకునిన్’ అనే చీటీ అంటించిన వంద యెన్‌ల క్యాసెట్ మనతో నిజం చెబుతోంది: లోపల ఏముందో నాకు తెలియదు, తెలుసుకునే పని నీది. గాజులాంటి డబ్బాలోని లక్షల వస్తువుకూ ఇదే మాట వర్తిస్తుంది. చెప్పేవాళ్లే లేరు.

జపాన్ మాటలన్నీ సత్యసంధమైనవని కాదు. ‘జంకు’ అనే ముద్రను దుకాణాలు డాలుగా కూడా వాడుకుంటాయి. ఆ మాట రాస్తే గ్యారంటీ లేదు, తిరిగి తీసుకోవడం లేదు. కాస్త శ్రమపడి పరీక్షించగలిగిన యంత్రాలు కూడా ఆ బుట్టలో పడిపోతాయి.

అమెరికా వైపు కూడా ఒకే భాష లేదు. వేలంపాటలు రాకముందు సంతల్లో, గ్యారేజీ అమ్మకాల్లో తిరిగిన సేకర్తల మాటలు వేరు. ‘ఐదు స్క్రూలది’ అనే మాట నాకు చాలా ఇష్టం. తొలినాటి నింటెండో క్యాసెట్లను ఐదు మామూలు స్క్రూలతో బిగించారు, తర్వాత మూడు ప్రత్యేకమైన స్క్రూలకు మారారు. ఐదు స్క్రూల ‘జైరోమైట్’ క్యాసెట్లు కొన్నిటిని విప్పితే లోపల జపాన్ ఫామికామ్ బోర్డు బయటపడుతుంది. 60 పిన్నుల ఆ బోర్డును 72 పిన్నుల అమెరికా యంత్రానికి కలిపే ముక్క కూడా ఉంటుంది. తెలిసినవాళ్లు చేత్తో తూచి బరువును బట్టి పోల్చుకుంటారు. ‘హ్యాంగ్‌ట్యాబ్’ కూడా అలాంటిదే: దుకాణంలో కొక్కేనికి తగిలించడానికి తొలి పెట్టెల వెనక ఉంచిన అట్టముక్క. జపాన్‌లో దీనికి సాటివచ్చేది ‘చతురస్రపు బటన్లు’. మొదటి ఫామికామ్‌లకు నలుచదరపు రబ్బరు బటన్లు ఉండేవి, అవి ఇరుక్కుపోతున్నాయని గుండ్రటివి పెట్టారు. ఈ మాటలన్నీ తయారీ చరిత్రను మోస్తాయి. గ్రేడు అంకె ఏ చరిత్రనూ మోయదు.

రెండు భాషలూ కలిసి తప్పిన చోటు కూడా ఉంది. ఫామికామ్ క్యాసెట్ల మీద పిల్లలు మార్కర్‌తో పేర్లు రాసుకునేవారు, స్నేహితులకు అరువిస్తే తిరిగి రావాలి కదా. దుకాణం చీటీలో అది ‘నమాఎ గాకి’, పేరు రాసి ఉంది, కాబట్టి ధర తక్కువ. అమెరికాలోనూ సిరా గీత లోపమే. కానీ పేర్లున్న క్యాసెట్లనే ఏరికూర్చి, వీలైతే ఆ పేరుగలవాళ్లకు తిరిగి అందించాలని జపాన్‌లో ఒక మ్యూజియం పూనుకుంది. మచ్చ అన్నదే అక్కడ చిరునామా అయింది. ఇటు అమెరికాలో 1990 నాటి నింటెండో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ పోటీ క్యాసెట్లు బూడిదరంగువి 90, బంగారు రంగువి 26. ఆ బూడిదరంగు వాటిలో ఒకటి 2014లో ఈబేకి వచ్చింది. లేబుల్ చిరిగిపోయి, ఎవరో పెన్నుతో ‘మారియో’ అని రాసిన క్యాసెట్ అది. అయినా పాట లక్ష డాలర్ల అంచుకు చేరింది. వస్తువు నిజంగా అరుదైతే గ్రేడు భాషను ఎవరూ పట్టించుకోరని అది రుజువు చేసింది.

మన దగ్గర 90లలో పిల్లలు ఆట కార్ట్రిడ్జ్‌ను క్యాసెట్ అనే అన్నారు, జపాన్ పిల్లలూ ‘కసెట్టో’ అనే అన్నారు. అయితే మన చేతికొచ్చినవి ఎక్కువగా ఫామికామ్ నకళ్లు, ‘9999 ఇన్ 1’ క్యాసెట్లు. వేల ఆటలని అట్ట మీద ఉంటుంది, ఆడి చూస్తే అవే కొన్ని ఆటలు మళ్లీ మళ్లీ వస్తాయి. అమెరికా భాషలో అవి బూట్‌లెగ్, జపాన్ భాషలో సముద్రపు దొంగల ముద్రణ. చట్టం దృష్టిలో అది నిజమే. కానీ ఒక తరం తెలుగు పిల్లలు మారియోను మొదట చూసింది ఆ నకళ్లలోనే. వాటిని దాచుకునేవాళ్లకు గ్రేడు అంకె ఎందుకూ పనికిరాదు. ఏ మెనూ వస్తుంది, నిజంగా ఎన్ని ఆటలున్నాయి, లోపల మామూలు చిప్ ఉందా, నల్లటి జిగురు బొట్టు కింద దాచిన చిప్ ఉందా, ఏ ఊళ్లో కొన్నారు అన్నవి రాసిపెట్టాలి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. అట్ట పోయింది, బైండింగు ఊడింది, పేజీలన్నీ ఉన్నాయి అని వాళ్లు చెప్పే తీరులోనే మన క్యాసెట్ల జాబితా మొదలుపెట్టవచ్చు.