బోల్టు విప్పితే ఊడే టాపు

హెరాల్డ్ కారు టాపు బోల్టుల మీద నిలబడి ఉంటుంది. అవి విప్పితే ఇద్దరు ముగ్గురు పట్టుకుని టాపుని పక్కన పెట్టేయొచ్చు. కొండాపురం మెట్టలో ఎద్దులబండ్ల మధ్య పెరిగిన నాకిది వింతేమీ కాదు. పెళ్లికి పోవాలంటే బండికి గూడు కట్టేవాళ్లు, చేనికి ఎరువు తోలాలంటే తీసేసేవాళ్లు. ఇరుసూ చక్రాలూ అవే.

ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో సెలూన్‌గా, కూపేగా వచ్చింది. గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి. మరుసటి ఏడే కన్వర్టిబుల్. అన్నిటికీ ఛాసిస్ ఒకటే. తక్కిన కంపెనీలు చాలావరకు అప్పటికే విడి ఛాసిస్ మానేసి బాడీని ఒకే ముక్కగా చేస్తున్నాయి. ట్రయంఫ్ కంపెనీకి ఆ వీలు లేకపోయింది. బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో పోటీదారు బీఎంసీ చేతికి పోయింది. దాంతో ఒక్కో భాగం ఒక్కో చోట చేయించి, ఛాసిస్ మీద బిగించుకున్నారు.

గత్యంతరం లేక చేసిన ఆ పనే మేలైంది. అదే ఛాసిస్‌ను కురచ చేసి, 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల ఓపెన్ స్పోర్ట్స్ కారు తెచ్చారు. 1980 దాకా 3 లక్షల 14 వేలకు పైగా తయారయ్యాయి. దానికే వెనక్కి వాలిన టాపు, ఆరు సిలిండర్ల 2 లీటర్ల ఇంజను పెట్టి 1966లో జీటీ6 కూపే తీశారు. 1973లో అది ఆగేసరికి లెక్క 40,926. బలం కూపేది, జనం మనసు మాత్రం టాపు లేని బండిది.

మద్రాసు పక్కన వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి హెరాల్డ్ చేసింది. మనకు మొదట వచ్చింది సెలూన్. తర్వాత ఇంగ్లండులోనూ లేని నాలుగు తలుపుల హెరాల్డ్ ఇక్కడ తయారైంది. ఇంటిల్లిపాదీ ఎక్కే చోట అదే సరైన మార్పు.

నాకు ఎక్కువ నచ్చేది దాని బానెట్. మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు లేస్తుంది. మెకానిక్ ముందు టైరు మీద కూర్చుని తీరిగ్గా ఇంజను పని చూసుకోవచ్చు. పల్లె షెడ్డుకు ఇంతకన్నా అనువైన కారు నేను చూడలేదు.

హెరాల్డ్ ఇంకా దాచుకున్న వాళ్లకు ఒక్క మాట. తుప్పు పట్టిందని బోల్టుల జాయింట్లకు వెల్డింగు పెట్టించకండి. పాడైన ముక్క విప్పి, బాగుచేయించి, మళ్లీ బోల్టులతోనే బిగించండి.