పులుపు తెలిసిన పొట్లం

మిర్యాలగూడలో ఏ మందుల షాపులోనైనా గ్యాస్‌గోలీ అడగండి, ఓమెప్రజోల్ గొట్టం చేతిలో పెట్టి ‘పరగడుపున వేసుకోండి, నమలొద్దు’ అంటారు. గొట్టం విప్పితే సన్నటి గుళికలు రాలతాయి. ఓమెప్రజోల్ యాసిడ్ తగిలితే చెడిపోయే మందు. అందుకే ఒక్కో గుళికకూ ఒక పాలిమర్ తొడుగు. కడుపులో గట్టిగా ఉండి, చిన్నపేగులోకి దిగాక కరగాలి.

నేను మెచ్చుకునేది ఆ తొడుగులోని పొదుపు. యూడ్రాజిట్ అనే పాలిమర్లే చూడండి. ఎల్-100కూ ఎస్-100కూ దినుసులు రెండే: మెథాక్రిలిక్ యాసిడ్, మిథైల్ మెథాక్రిలేట్. సమపాళ్లలో కలిస్తే ఎల్-100, పీహెచ్ 6 దాటగానే కరుగుతుంది. రెండోదాన్ని రెండు పాళ్లు చేస్తే ఎస్-100, 7 దాకా ఆగి, పేగు చివరన గానీ మందు వదలదు. పులుపున్న చోట గొలుసు మీది ఆమ్ల గుంపులు ప్రోటాన్లను వదలవు, నీళ్లు లోపలికి దూరవు. పులుపు తగ్గి పీహెచ్ పెరిగితే ప్రోటాన్లు ఊడిపోతాయి, మిగిలిన రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుని గొలుసు విచ్చుకుంటుంది. పాళ్లు మారిస్తే ఆ ఘడియ మారుతుంది.

ఈ ఎల్-100నే నానోకణాలుగా చేయడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. సూర్యాపేట, కోదాడ వైపు బీఫార్మసీ చదివే పిల్లలకూ అర్థమయ్యే పనే. పాలిమర్‌నీ మందునీ ఎసిటోన్‌లోనో ఇథనాల్‌లోనో కరిగించి, పోలోక్సమర్ అనే స్టెబిలైజర్ కలిపిన నీళ్లను తిప్పుతూ అందులోకి చుక్కచుక్కగా వదలాలి. ద్రావణి నీళ్లలో కలిసిపోతుంది. కరిగి ఉండే వీలు పోయిన పాలిమర్ వంద, రెండొందల నానోమీటర్ల రేణువులుగా ముద్దకడుతుంది, నీళ్లు పల్చటి పాలలా అవుతాయి. పొరపాటున ఆ నీళ్ల పీహెచ్ 6 దాటిందో, చేసిన రేణువులన్నీ కరిగిపోతాయి!

అయితే కడుపు, పేగు తేలికైన పరీక్షే. అక్కడ ఆమ్లంలో తేడా వేల రెట్లు. మందును క్యాన్సర్ గడ్డ దగ్గరే వదలాలంటే కష్టం: రక్తం పీహెచ్ 7.4, గడ్డ చుట్టూ తరచూ 6.8 దరిదాపు. తేడా నాలుగు రెట్లే. పైగా ఇక్కడ నానోకణం తిరగబడి పనిచేయాలి, పులుపు పెరిగితే విప్పుకోవాలి. ఆమ్ల గుంపులు ఇందుకు పనికిరావు, ప్రోటాన్‌ను పట్టుకునే ఆమైన్లు కావాలి.

అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీలో సూర్య మల్లాప్రగడ బృందం ఈ ఆమైన్ల దారిలోనే, డీఎన్ఏను జీవకణంలోకి చేర్చడానికి ఒక ముచ్చటైన పాలిమర్ చేసింది. నడుమ ప్లూరానిక్ ఎఫ్-127, అంటే ల్యాబుల్లో స్టెబిలైజర్‌గా వాడే పోలోక్సమర్లలో ఒకటి. దాన్లోని మూడు ముక్కలకు రెండు కొసలా ఆమైన్లున్న మెథాక్రిలేట్ గొలుసులు అతికించారు. మొత్తం ఐదు ముక్కలు. కొసలు ప్రోటాన్‌ను పట్టి ధనావేశం తెచ్చుకుని డీఎన్ఏను చుట్టుకుంటాయి. జీవకణం దాన్ని మింగి సంచిలో పెట్టుకున్నాక అక్కడి పీహెచ్ 5, 6 మధ్యకు పడిపోతుంది. ఆమైన్లు ఇంకా ప్రోటాన్లు పట్టుకుని, సంచిలోంచి బయటపడే అవకాశం పెంచుతాయి. నడుమ ముక్క తన పాత గుణం వదులుకోలేదు. తగినంత చిక్కగా కలిపితే చల్లగా ఉన్నప్పుడు సిరంజిలో ద్రవంగా ఉండి, ఒంటి వేడికి జెల్‌గా గట్టిపడుతుంది.