బుతో నృత్యము: శబ్దశక్తియు దేహశిక్షయు

జపాను దేశమున 1959వ సంవత్సరమునఁ బుట్టి, నేఁడు ఖండాంతరములందును నభ్యసింపఁబడుచున్న యొక నృత్యవిశేషమునకు ‘బుతో’ యని పేరు. దీనిని మొదట ‘అంకోకు బుయో’ యనియుఁ, బిదప ‘అంకోకు బుతో’ యనియు వ్యవహరించిరి. అంకోకు శబ్దమునకు గాఢాంధకార మర్థము. బుయో, బుతో శబ్దములు రెండేసి లిపిసంజ్ఞలు చేరిన సమాసములు. రెండింటను బూర్వపదము నర్తనవాచకమే. భేద ముత్తరపదమునందుఁ గలదు. మొదటిదానియం దది గంతులిడుటను, రెండవదానియందుఁ బాదముతో నేలఁ ద్రొక్కుటను దెలుపును. గంతును విడిచి త్రొక్కుడును గైకొనిన యీ పదపరివర్తనమునందే యా కళయొక్క స్వభావము కొంత తెలియుచున్నది. బుతో నర్తకుఁడు భూమిని విడిచి పైకి లేవఁగోరువాఁడు కాఁడు. తన బరువు నెల్ల భూమి కప్పగించువాఁడు.

దీనికి మూలపురుషులు హిజికాట తత్సుమి (1928–1986), ఓనో కజువో (1906–2010) అను నిరువురు. హిజికాట యుత్తర జపానునందలి అకితా ప్రాంతమువాఁడు. మిషిమా యుకియో రచించిన నవల పేరు గైకొని యతఁడు 1959లోఁ దోక్యో నగరమునఁ బ్రదర్శించిన ‘కింజికి’ యను చిన్న నృత్యమే యీ సంప్రదాయమునకు నాంది. ఓనో హకోదాతె పట్టణమునఁ బుట్టి, వ్యాయామోపాధ్యాయుఁడై జీవించినవాఁడు. ఆతఁడు 1929లో ‘లా అర్హెంతీనా’ యను ప్రసిద్ధనామముగల స్పెయిను నర్తకి యాటఁ జూచి ముగ్ధుఁడై, యా స్మృతిని 48 ఏండ్లు మనసున నుంచుకొని, 70 ఏండ్లు దాటిన పిదప 1977లో నామెను స్తుతించుచు నొక నృత్య మాడెను. దానికి దర్శకుఁడు హిజికాటయే.

ఈ కళనుగూర్చి రెండు పూర్వపక్షములు తఱచుగా వినవచ్చుచున్నవి. మేనఁ దెల్లరంగు పూసికొని, కాళ్లు దొడ్డిగా వంచి, కన్నులు తేలవైచి యాడెడి యీ యాట నియమరహితమైన వికారచేష్టయే కాని లక్షణముగల విద్య కాదనుట మొదటిది. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపైఁ బడిన యణుబాంబుల దుఃఖమే యిట్లు రూపు దాల్చినదనియు, నింతకు మించి విచారింపవలసినది లేదనియు ననుట రెండవది.

రెండవదానిని ముందుగాఁ బరిశీలింపవలయును. యుద్ధమున కీ కళయందు భాగము లేదనుట సాహసము. ఓనో స్వయముగా సైనికుఁడై చైనాయందును న్యూగినీయందును నుండినవాఁడు. కాని హిజికాట తన నృత్యమునకు మూలముగాఁ దఱచుగాఁ జూపినది తన పుట్టినసీమను. అచ్చటి చలి, బురద, పొలముపనులచే వంగిన వృద్ధుల నడుములు, ఇవియే యతని సామగ్రి. 1983లోఁ బ్రకటితమైన ‘యమేరు మైహిమె’, అనఁగా ‘రోగియైన నర్తకి’ యను నతని గ్రంథమునను బాల్యమందలి దేహస్మృతులే నిండియున్నవి. ఫ్రెంచి రచయిత జాఁ జెనే వ్రాఁతలును, జర్మను దేశపు నవ్యనృత్యమును సయితము దీనికి సహకారులు. జర్మను నర్తకి మేరీ విగ్మన్‌కడ నేర్చిన ఎగుచి తకయ, ఓనోకు గురువు. పెక్కు కారణములుగల కార్యము నొక్క కారణమునకుఁ గట్టివేయుట తర్కసమ్మతము కాదు.

ఇఁక మొదటి యాక్షేపము. దీనికి సమాధానము ‘బుతో-ఫు’ యను పదమునఁ గలదు. ‘ఫు’ యనఁగా సంగీతమును లిఖించు లిపివంటిది. అయితే యిందు స్వరములు లేవు, పాదచిత్రములు లేవు, ఉన్నవి మాటలు. హిజికాట బేకన్, వోల్స్ మొదలగు పాశ్చాత్య చిత్రకారుల చిత్తరువులను బత్రికలనుండి కత్తిరించి పుస్తకములం దంటించి, ప్రక్కను వాక్యములు వ్రాసికొనెడివాఁడు. ఆ మాటలను దాను జెప్పుచుండఁగా, అషికవ యోకో మొదలగు శిష్యులు వానికి దేహముతోఁ బ్రత్యుత్తర మీయవలయును. ఆ మాటలలోఁ బ్రసిద్ధమైనది పురుగుల నడక. కుడిచేతిపై నొక పురుగు ప్రాకును. మఱియొకటి మెడనుండి వీఁపునకు దిగును. క్రమముగా సంఖ్య పెరిగి సర్వాంగములును బురుగులచేఁ దినఁబడును. ఇందుఁ జేయి యెంత యెత్తవలయునో, మెడ యే దెసకుఁ ద్రిప్పవలయునో చెప్పలేదు. మాట విన్న దేహమునందుఁ గలుగు వికారమే యభినయము.

ఇచ్చట శబ్దశాస్త్రము నెఱిఁగినవారికి విచారణీయమైన యంశ మొకటి కలదు. భారతీయ లక్షణగ్రంథములయందుఁ ‘బతాక’ మనఁగానే వ్రేళ్ల నిలుకడ నియతము. శబ్దము రూపమును దెలుపును. జాయప సేనాని 13వ శతాబ్దమునఁ గాకతీయ గణపతిదేవుని యాశ్రయమున రచించిన నృత్తరత్నావళి మొదలగువాని మార్గ మిదియే. బుతో-ఫునందలి శబ్దము రూపమును దెలుపదు, అవస్థను బుట్టించును. పులి వచ్చెనను మాట విన్నవానికిఁ బులి యెదుట లేకున్నను గుండె యదరును. అది యభిధేయము చేసిన పని కాదు, వాక్యము చేసిన పని. వాక్యార్థము ప్రతిభ యని చెప్పిన వాక్యపదీయకారుని మతమున కింతకంటె స్పష్టమైన యుదాహరణము దొరకుట కష్టము. కావున బుతోశిక్ష యాంగికమునకంటె సాత్త్వికమునకు సమీపము. రోమాంచమును, వేపథువును జేతులతోఁ జేయరాదనియు, సమాహితమైన మనసునుండియే యవి పుట్టవలయుననియు నాట్యశాస్త్రము చెప్పుచున్నది. ఆ మనస్సమాధిని గలిగించు నుపాయము నీ జపానీయుఁడు శబ్దమునందు వెదకెను.

శబ్దము పనిచేయుటకు దేహము వినఁగలిగి యుండవలయును గదా. బిగిసిన కండలు వినవు. ఈ విషయమున నొగుచి మిచిజో (1914–1998) ఏర్పఱచిన వ్యాయామపద్ధతి స్మరణీయము. దేహము ఎముకలపైఁ గట్టిన కట్టడము కాదనియు, ద్రవముతో నిండిన చర్మపుసంచి యనియు, ఎముకలును లోపలి యవయవములును నందుఁ దేలుచున్నవనియు నతని భావన. నిలుచుండి నడుమునుండి పైమేనిని ముందునకు వ్రేలవిడిచి, దాని బరువే దాని నూఁచుచుండఁగాఁ గనిపెట్టుట యతని ప్రథమపాఠములలో నొకటి. విశ్రమించియున్న కండయే తరువాతి పనికి సిద్ధమని యతని సిద్ధాంతము. అతఁడు 1979లోఁ బ్రకటించిన గ్రంథనామమునకు ‘బరువు నడిగి వినుట’ యని యర్థము చెప్పవచ్చును. అందు ‘వినుట’కు వాడుక సంజ్ఞను విడిచి, శకునమడుగుటను దెలుపు ప్రాచీనసంజ్ఞను వ్రాసెను. ఒక యక్షరము మార్చుటచే వ్యాయామము ప్రశ్నముగా మాఱినది. బుతో నర్తకులు పలువు రీ పద్ధతిని గైకొనుట యాశ్చర్యము కాదు.

ఇట్లు లక్షణము కలదని యేర్పడినది. అయినను నొక లోపమును జెప్పక విడువరాదు. సూత్రము వృత్తి లేనిదే బోధపడదు. హిజికాట మాటలకు వృత్తి యతని కంఠస్వరము, అతని డోలుచప్పుడు, ఎదుటనున్న శిష్యుని దేహమును జూచి యతఁడు చేసిన సవరణలు. 1986తో నవి పోయినవి. అతని పుస్తకములు కెయియో విశ్వవిద్యాలయపు భాండాగారమున భద్రముగానున్నవి. శిష్యుఁడు వగురి యుకియో తాను వ్రాసికొనిన మాటలను 1998లో ‘బుతో-కదెన్’ అను పేర నేడు లోకములుగా విభజించి ప్రకటించి మహోపకారము చేసెను. కాని యొక్కొక్క శిష్యుఁడు తన చెవికిఁ దాఁకినదానినే వ్రాసికొనెను, పాఠభేదములు తప్పవు. మూలమాత్రముచేఁ దృప్తిపడువారు పురుగుల నడకను వణఁకుడుగా మాత్రమే యనుకరింతురు. తెల్లరంగును దత్త్వముగా భ్రమింతురు. మొదటి పూర్వపక్ష మట్టివారియెడ నిజమే యగుచున్నది.

ఓనో మార్గము వేఱు. ఆతఁడు నియతక్రమమునకంటె నప్పటికప్పుడు స్ఫురించినదానినే మిక్కిలి నమ్మెను. శిష్యులకుఁ జావుపుట్టుకలను, తల్లిని గుఱించి చెప్పి, యాడుఁడని విడిచెడివాఁడు. హిజికాట లక్షణకర్త, ఓనో లక్ష్యము. లక్ష్యలక్షణములు రెండును గూడినదే వ్యాకరణమని భాష్యకారులు నిర్ణయించిరి. 1977 నాఁటి నృత్యము గొప్పదగుటకుఁ గారణ మిదియే: ఒకని మాట యొకని మేనఁ బడి, రెండింటిలో నేదియు రెండవదానిని మింగలేదు. బుతో నభ్యసింపఁగోరువారు గాని, విమర్శింపఁగోరువారు గాని యీ సంయోగమును బ్రమాణముగాఁ గొనవలయును. మాట విని మాఱిన దేహ మెదుట నున్నయెడల నది బుతో; మాట లేక వంకరయైన దేహము మాత్ర మున్నయెడల నది వికారమే.